తలుపులు మూతపడితే పిల్లల సంగతేమిటి?

పరదేశ ప్రయాణం మెట్‌పల్లికి కొత్త కాదు. డబ్బాకు తాడు బిగించి, దానిమీద పేరూ పాస్‌పోర్టు నంబరూ రాసుకుని బొంబాయి బస్సు కోసం బస్టాండులో నిలబడినవారిని మనం రెండు తరాలుగా చూస్తున్నాం. దుబాయి, మస్కట్, కువైట్, దమ్మామ్ పేర్లు ఇక్కడి చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఎడారిలో ఎండకు మాడి తండ్రులు పంపిన సొమ్ముతోనే ఈ ఊళ్లో ఎన్నో ఇళ్లకు స్లాబులు పడ్డాయి, ఎందరో ఆడపిల్లల పెళ్లిళ్లు జరిగాయి.

ఇప్పుడు వారి పిల్లలు వేరే రకం ప్రయాణం కడుతున్నారు. తండ్రి కూలికి పోయాడు, బిడ్డ చదువుకు పోతున్నది. చైనా, ఫిలిప్పీన్స్, కిర్గిజ్‌స్తాన్, అమెరికా, బ్రిటన్ అంటూ కొత్త పేర్లు మన దివాన్‌ఖానాలో వినిపిస్తున్నాయి. ఇది సంతోషించదగిన మార్పే. జ్ఞానం కోసం గడప దాటడాన్ని మన ధర్మం గౌరవించింది. కాని 2020లో మహమ్మారి వచ్చి ప్రపంచం తలుపులన్నీ ఒక్కసారిగా మూసుకున్నప్పుడు, బిడ్డను పంపేముందు మనం వేయవలసిన ప్రశ్నలు చాలా వేయనేలేదని తేలింది. మహమ్మారి పోయింది. ఆ ప్రశ్నలు మాత్రం అలాగే ఉన్నాయి.

ఒక ఇంటి కథ

మెట్‌పల్లిలో ఒక పెద్దమనిషిని కలిశాము. పన్నెండేళ్లు గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవాడు. పేరు రాయవద్దన్నాడు, రాయడం లేదు. ఆయన పెద్దకూతురు 2018లో వైద్యవిద్య కోసం చైనా వెళ్లింది. 2020 జనవరిలో సెలవులకని ఇంటికి వచ్చింది. చిన్న సంచీతో వచ్చింది. పుస్తకాలు, తెల్లకోటు, చలిబట్టలు అన్నీ హాస్టల్ గదిలోనే ఉన్నాయి. నెల తర్వాత తిరిగిపోవలసినది మూడేళ్లకు గాని పోలేకపోయింది.

ఆ మూడేళ్లు ఆమె చదువు ఫోనులో సాగింది. చైనా గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందు. అక్కడ ఎనిమిదింటికి పాఠమంటే ఇక్కడ తెల్లవారుజామున అయిదున్నర. ఫజర్ నమాజు ముగించి, సిగ్నల్ అందే చోటు వెతుక్కుంటూ మేడమీదికి పోయి కూర్చునేది. శవపరీక్ష బొమ్మల్లో చూసింది. రోగి నాడి పట్టుకోవడం మాటల్లో విన్నది. ఆ గదిలో మనిషి లేకున్నా హాస్టల్ కిరాయి కట్టవలసి వచ్చిందని తల్లి చెప్పింది.

"సీటు గురించి అడిగినం, ఫీజు గురించి అడిగినం. హలాల్ తిండి దొరుకుతదా అని గూడ అడిగినం భాయ్. తొవ్వ బందయితే బిడ్డ చదువు ఏమయితదని మాత్రం అడగలే. అడగాలన్న సోయి ఎవ్వరికీ లేకుండె" అన్నాడాయన.

ఈ వ్యాసం ఆ అడగని ప్రశ్న గురించే.

ఆ రోజుల్లో జరిగినది

జరిగినదాన్ని ఒకసారి వరుసగా గుర్తుచేసుకుందాం. 2020 జనవరి 23న చైనాలోని వుహాన్ నగరాన్ని దిగ్బంధం చేశారు. జనవరి 30న భారతదేశంలో తొలి కరోనా కేసు బయటపడింది. ఆ రోగి వుహాన్‌లో చదువుతూ కేరళకు తిరిగివచ్చిన ఒక విద్యార్థిని. అంటే మన దేశానికి సంబంధించినంతవరకు ఈ కథ మొదలైనదే విదేశంలో చదివే ఒక బిడ్డతో. ఫిబ్రవరి 1, 2 తేదీలలో రెండు ఎయిర్ ఇండియా విమానాలు వుహాన్ నుంచి 647 మంది భారతీయులను ఢిల్లీకి తెచ్చాయి. వారిలో ఎక్కువమంది విద్యార్థులే. ఇళ్లకు పంపకుండా వారిని మనేసర్‌లోని సైనిక శిబిరంలోను, ఢిల్లీలోని ఐటీబీపీ శిబిరంలోను విడిగా ఉంచారు.

మార్చి నెలలో మన తెలుగు పిల్లలకు మరో కష్టం వచ్చింది. ఫిలిప్పీన్స్ ప్రభుత్వం లుజోన్ ద్వీపమంతటా ఆంక్షలు విధించి, వెళ్లదలచుకున్న విదేశీయులు 72 గంటల్లో వెళ్లిపోవచ్చునని ప్రకటించింది. పిల్లలు ఉన్నపళంగా బయలుదేరారు. సరిగ్గా అప్పుడే, మార్చి 17న, ఫిలిప్పీన్స్, మలేషియా, అఫ్ఘానిస్తాన్‌ల నుంచి వచ్చే ప్రయాణికులను భారతదేశం నిలిపివేసింది. దాంతో విమానం మారడానికి కౌలాలంపూర్‌లో దిగిన విద్యార్థులు ముందుకూ పోలేక, వెనక్కూ పోలేక విమానాశ్రయంలోనే చిక్కుపడ్డారు. చివరకు వారి కోసం ఢిల్లీకి, విశాఖపట్నానికి ప్రత్యేకంగా విమానాలు అనుమతించినట్టు విదేశాంగ మంత్రి ప్రకటించారు. రెండు దేశాల నిబంధనలూ ప్రజారోగ్యం కోసం పెట్టినవే. వాటి నడుమ నలిగినది పద్దెనిమిది, ఇరవై ఏళ్ల పిల్లలు.

మార్చి 22 నుంచి అంతర్జాతీయ ప్రయాణిక విమానాలన్నీ ఆగిపోయాయి. మే 7న వందే భారత్ పేరుతో విమానాలు మొదలయ్యేదాకా ఎక్కడివారక్కడే ఉండిపోయారు. ఆ విమానాలు కూడా ఉచితం కాదు. అమెరికా నుంచి టికెట్టు దాదాపు లక్ష రూపాయలు, లండన్ నుంచి యాభై వేలు. దిగిన తర్వాత విడిగా ఉంచిన రోజుల ఖర్చు కూడా ప్రయాణికుడిదే. నెల నెలా ఇంటినుంచి డబ్బు వస్తే తప్ప గడవని విద్యార్థికి, గల్ఫ్‌లో తండ్రి పని కూడా పోయిన నెలలో, లక్ష రూపాయలంటే ఏమిటో మన పాఠకులకు వివరించనక్కరలేదు.

ఈ దెబ్బ లెక్కల్లో కూడా కనిపిస్తుంది. 2019లో చదువు కోసం మన దేశం విడిచి వెళ్లినవారు 5.86 లక్షలు. 2020లో ఆ సంఖ్య 2.6 లక్షలకు పడిపోయింది.

ఒక్కో దేశానిది ఒక్కో నీతి

విమానం దొరకడం, దొరకకపోవడం కొన్ని నెలల కష్టం. దానికన్నా లోతైన గాయం నిబంధనల వల్ల తగిలింది. చదువు ఆన్‌లైన్‌కు మారినప్పుడు వీసా ఉంటుందా, డిగ్రీ చెల్లుతుందా అన్న ప్రశ్నకు ఒక్కో దేశం ఒక్కో జవాబు చెప్పింది.

అమెరికాలో అప్పటికి దాదాపు 1.93 లక్షల మంది భారతీయ విద్యార్థులున్నారు. 2020 జులై 6న అక్కడి వలస అధికారులు ఒక ఆదేశం ఇచ్చారు. పాఠాలన్నీ ఆన్‌లైన్‌లో చెప్పే కాలేజీలో ఉన్న విదేశీ విద్యార్థి దేశం విడిచి పోవాలి, లేదా నేరుగా తరగతులు జరిపే కాలేజీకి మారాలి అన్నది దాని సారాంశం. హార్వర్డ్, ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయాలు వెంటనే కోర్టుకెక్కాయి. జులై 14న ప్రభుత్వం ఆ ఆదేశాన్ని వెనక్కు తీసుకుంది. ఎనిమిది రోజుల్లోనే ఆపద తొలగింది. తమ విద్యార్థుల పక్షాన నిలబడే విశ్వవిద్యాలయం ఉంటే ఎంత మేలో ఆ ఎనిమిది రోజులు చూపాయి.

ఆస్ట్రేలియా 2020 మార్చి 20న సరిహద్దు మూసింది. విద్యార్థి వీసా ఉన్నవారికి అది తిరిగి తెరుచుకున్నది 2021 డిసెంబరు 15న, అదీ టీకాలు పూర్తయినవారికి. సెలవులకని ఇంటికి వచ్చిన పిల్లలు ఇరవై నెలలకు పైగా బయటే ఉండిపోయారు.

అందరికన్నా ఎక్కువకాలం తలుపు మూసిన దేశం చైనా. 2020 మార్చి 28 నుంచి విదేశీయుల రాకను ఆపింది. భారతీయ విద్యార్థులకు వీసాలు తిరిగి మొదలైనది 2022 ఆగస్టు చివరలో. అక్కడ చదివే మన పిల్లలు 23,000 మందికి పైగా ఉండేవారు, వారిలో అత్యధికులు వైద్య విద్యార్థులు. రెండేళ్ల అయిదు నెలలు గడిచాయి.

ఇక్కడ మన దేశపు నిబంధన కూడా తెలుసుకోవాలి. వైద్యవిద్య ఫోనులో పూర్తికాదని జాతీయ వైద్య కమిషన్ మొదటినుంచీ చెబుతూ వచ్చింది. కేవలం ఆన్‌లైన్‌లో చేసిన వైద్య కోర్సులను గుర్తించబోమని 2022 ఫిబ్రవరి 8 నాటి నోటీసులో హెచ్చరించింది. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా పోయింది. శిక్షణ లేని వైద్యుడి చేతిలో రోగిని పెట్టలేమన్న వాదనను తోసిపుచ్చకుండానే, ఈ విద్యార్థుల కోసం రెండు నెలల్లో ఒక పథకం తయారు చేయమని కోర్టు 2022 ఏప్రిల్ 29న కమిషన్‌ను ఆదేశించింది. జులై 28న కమిషన్ కొంత వెసులుబాటు ఇచ్చింది. చివరి సంవత్సరంలో ఉండి, 2022 జూన్ 30లోగా కోర్సు పూర్తిచేసినట్టు పత్రం పొందినవారు మన దేశంలో అర్హత పరీక్ష రాయవచ్చు. అయితే ఇంటర్న్‌షిప్ ఒక ఏడాది కాదు, రెండేళ్లు చేయాలి.

మెట్‌పల్లి బిడ్డ అప్పటికి చివరి సంవత్సరానికి చేరలేదు. ఆ వెసులుబాటు ఆమెకు అందలేదు. 2023 ఆరంభంలో మళ్లీ వెళ్లి, పోయిన శిక్షణను ఆసుపత్రిలో నిలబడి పూర్తిచేసింది. ఆన్‌లైన్‌లో జరిగిన భాగాన్ని నేరుగా హాజరై తిరిగి నేర్చుకున్నట్టు విశ్వవిద్యాలయం ఇచ్చిన పత్రాన్ని ఆ తల్లి నగలకన్నా భద్రంగా బీరువాలో దాచింది.

ఈ వ్యవహారంలో ఒకరినే తప్పుపట్టడం న్యాయం కాదు. నాడి పట్టడం ఫోనులో నేర్చుకున్న వైద్యుడి దగ్గరికి మనం మన పిల్లలను తీసుకుపోతామా? పోము. నిబంధన సరైనదే. కాని ఆ నిబంధన ఏమంటుందో ముందే తెలియని కుటుంబం మాత్రం జీవితకాలపు సంపాదనను చీకట్లో పందెం కాసినట్టయింది.

సర్గ్ దగ్గర ఆగిన ప్రయాణం

అంటువ్యాధి వేళ ప్రయాణం గురించి మన చరిత్రలో ఒక గొప్ప ఘట్టముంది. హజ్రత్ ఉమర్ (రజి) సిరియా వైపు ప్రయాణిస్తూ సర్గ్ అనే చోటికి చేరారు. సిరియాలో ప్లేగు చెలరేగినదని సేనానులు ఎదురువచ్చి చెప్పారు. ఖలీఫా తానొక్కరే నిర్ణయం తీసుకోలేదు. ముందు ముహాజిర్లను పిలిచి సలహా అడిగారు. వారిలో రెండు మాటలు వచ్చాయి. అన్సార్లను అడిగారు. అక్కడా రెండు మాటలే. చివరకు ఖురైష్ పెద్దలను అడిగారు. వెనక్కు మళ్లడమే మంచిదని వారంతా ఒక్కమాటగా చెప్పారు. విధిరాత నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) ప్రశ్నించారు. అల్లాహ్ రాసిన ఒక విధి నుంచి ఆయనే రాసిన మరో విధి వైపు పోతున్నామని ఉమర్ (రజి) బదులిచ్చారు. అంటువ్యాధి ఉన్న చోటికి పోవద్దని, ఉన్నచోట వస్తే అక్కడినుంచి పారిపోవద్దని దైవప్రవక్త (స) బోధించినట్టు హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) ఆ తర్వాత తెలిపారు. ఆ అమ్వాస్ ప్లేగు హిజ్రీ 18, అంటే క్రీ.శ. 639 నాటిది. అబూ ఉబైదా (రజి) తన మనుషుల మధ్యనే ఉండి ఆ వ్యాధితోనే కన్నుమూశారు.

ప్రయాణం ఆపడం పిరికితనం కాదన్నది ఈ ఘట్టంలో మనకు వెంటనే తోచే పాఠం. 2020లో హజ్‌కు బయటి దేశాలవారిని రానివ్వకుండా, సౌదీలో ఉన్న దాదాపు వెయ్యి మందితోనే జరిపినప్పుడు మనం దానిని అర్థం చేసుకున్నాం. కాని ఇందులో మరో పాఠం కూడా ఉంది. అది మష్వరా. ఒకరిని అడిగి ఊరుకోలేదు, ముగ్గురిని అడిగారు. తమ మాటకు తలూపేవారిని మాత్రమే అడగలేదు. మనం బిడ్డను వేల మైళ్ల దూరం పంపేటప్పుడు ఎవరిని అడుగుతున్నాం? చాలాసార్లు కన్సల్టెన్సీవారిని ఒక్కరినే. సీటు ఇప్పిస్తే కమీషన్ వచ్చే మనిషి ఇచ్చే సలహా ఎటు మొగ్గుతుందో ఊహించడం కష్టమా?

పంపేముందు అడగవలసినవి

మొదటి ప్రశ్న డిగ్రీ గురించి. ఎంబీబీఎస్‌కు పంపేవారు నీట్ అర్హత తప్పనిసరి అని మరువరాదు. 2021 నవంబరు 18 తర్వాత చేరినవారికి నిబంధనలు మరింత స్పష్టంగా ఉన్నాయి. కోర్సు కనీసం 54 నెలలుండాలి. బోధన ఇంగ్లీషులో జరగాలి. అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. ఆ దేశంలో వైద్యం చేయడానికి కూడా అర్హత రావాలి. తిరిగివచ్చాక ఇక్కడ అర్హత పరీక్ష, మరో 12 నెలల ఇంటర్న్‌షిప్ ఉంటాయి. ఇందులో ఏ ఒక్కటి తప్పినా ఆ డిగ్రీ గోడకు వేలాడే కాగితమే. ఈ విషయాలు బ్రోషర్‌లో చూడకండి, కమిషన్ ప్రకటనల్లో చూడండి.

రెండవది, చదువు ఆన్‌లైన్‌కు మారితే వీసా ఏమవుతుంది, ఫీజు తగ్గుతుందా, హాస్టల్ సొమ్ము తిరిగి వస్తుందా? ఈ జవాబు విశ్వవిద్యాలయం నుంచి రాతలో తీసుకోవాలి. ఫోనులో చెప్పిన మాట కష్టకాలంలో నిలవదు.

మూడవది ఆరోగ్య బీమా. ఉందా అని అడిగితే చాలదు. మహమ్మారికి వర్తిస్తుందా, ఆసుపత్రిలో చేరితే ఎంతవరకు ఇస్తారు, రోగిని స్వదేశానికి చేర్చే ఖర్చు అందులో ఉందా అని అడగాలి. చెప్పడానికి నోరు రాని మాటే అయినా, జరగరానిది జరిగితే మయ్యిత్‌ను ఇంటికి చేర్చే ఖర్చు ఎవరిదో కూడా అడగాలి. గల్ఫ్ కుటుంబాలకు ఈ ప్రశ్న విలువ చెప్పనక్కరలేదు.

నాలుగవది, మన ప్రభుత్వంతో సంబంధం. విదేశాంగ శాఖకు మదద్ అనే పోర్టల్ 2015 నుంచి ఉంది. అక్కడ చదివే విద్యార్థులు తమ వివరాలు నమోదు చేసుకోవచ్చు, ఆపదలో ఫిర్యాదు చేయవచ్చు. పిల్లవాడు దిగిన వారంలోనే ఈ పని చేయించాలి. ఎవరు ఎక్కడున్నారో తెలియని చోటికి ఏ రాయబార కార్యాలయమూ సాయం పంపలేదు. నిరుపేద స్థితిలో చిక్కుపడినవారికి సాయపడే భారతీయ సమాజ సంక్షేమ నిధి 2009 నుంచి మన రాయబార కార్యాలయాల్లో ఉంది. ఆ పేరు గుర్తుంచుకుంటే అడగడానికైనా వీలవుతుంది.

అయిదవది డబ్బు. తెలంగాణ ప్రభుత్వం మైనారిటీ విద్యార్థుల విదేశీ పి.జి., పరిశోధన చదువుల కోసం 2015లో ముఖ్యమంత్రి పేరిట ఉపకార వేతన పథకం మొదలుపెట్టింది. ఇలాంటి పథకాల్లో సొమ్ము విడతలుగా వస్తుంది. పరదేశంలో దిగినట్టు పత్రం చూపితే మొదటి విడత, సెమిస్టరు ఫలితం చూపితే తర్వాతిది. మరి విమానాలు ఆగి ఇంటినుంచే చదువు మొదలుపెడితే ఏమవుతుందో మైనారిటీ సంక్షేమ కార్యాలయంలో ముందే అడగాలి. అప్పు తీసుకున్నవారు మరో సంగతి గమనించాలి. 2020లో ఆరు నెలలపాటు బ్యాంకు వాయిదాలు వాయిదా వేసుకునే వీలు కల్పించారు. వాయిదా ఆగింది గాని వడ్డీ ఆగలేదు. కనుక తిరుగు టికెట్టుకు, మూడు నెలల తిండికి సరిపడే సొమ్మును ఫీజుతో కలపకుండా వేరుగా ఉంచడం మంచిది. అంత సొమ్ము మిగలని పక్షంలో ప్రయాణాన్ని ఒక ఏడాది ఆపడం నామోషీ కాదు.

ఆఖరుది పిల్లల మనసు. గదిలో ఒంటరిగా చిక్కుపడిన బిడ్డ ఫోనులో "బాగానే ఉన్నా అమ్మీ" అంటుంది. మనం పంపిన సొమ్ము గుర్తొచ్చి కష్టం చెప్పదు. కాబట్టి వెళ్లేముందే ఒక మాట చెప్పి పంపాలి: నీ ప్రాణం ముందు, చదువు తర్వాత, సొమ్ము ఆఖరున. వెనక్కు వచ్చినా ఈ ఇంటి తలుపు నీకు తెరిచే ఉంటుంది. ఈ మాట విన్న బిడ్డ ఆపదలో దాచకుండా ఫోను చేస్తుంది.

ఊరు చేయగలిగినది

ఇదంతా ప్రతి కుటుంబం ఒంటరిగా చేయవలసిన పని కాదు. మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల, ఇటు నిర్మల్ వైపు ఊళ్లలో విదేశాల్లో చదివివచ్చిన పిల్లలు ఇప్పుడున్నారు. 2020ని కళ్లారా చూసినవారు వారు. ప్రవేశాలు మొదలయ్యే ముందు ఒక జుమా తర్వాత వారిని మస్జిద్ వరండాలోనో, షాదీఖానాలోనో కూర్చోబెట్టి, పంపదలచిన తల్లిదండ్రులతో మాట్లాడించడానికి రూపాయి ఖర్చు లేదు. తల్లులను కూడా పిలవాలి. బిడ్డ గురించి అందరికన్నా సూటిగా ప్రశ్నలు వేసేది వారే.

మేము లేచి వస్తుండగా ఆ పెద్దమనిషి కూతురు పుస్తకాల మీదనుంచి తలెత్తింది. అర్హత పరీక్షకు చదువుతున్నది. 300 ప్రశ్నలకు 150 సరిగా రాస్తే గట్టెక్కినట్టు. చెల్లెలు కూడా వైద్యం చదువుతానంటున్నదట. పంపుతారా అని తండ్రిని అడిగాము. ఆయన కూతురి వైపు చూసి నవ్వాడు.

"పంపుడా, ఆపుడా అన్నది తర్వాత. ఈసారి అడుగుడు ఆమె అడుగుతది" అన్నాడు.

ఆమె అప్పటికే ఒక నోటుపుస్తకంలో ప్రశ్నలు రాసి పెట్టింది. మొదటి పేజీలో మొదటి వరుస ఇది: సరిహద్దు మూస్తే మీరేం చేస్తారు?